సీ హాలీలో నాలుగు రాత్రులు

స్టాక్‌పోర్ట్,
22 జనవరి 1995

అన్నయ్యా,

నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని కంగారు పడకు. పోవలసినవాళ్ళంతా ముందే పోయారు. మే నెలలో నేను గెర్న్సీకి వస్తున్నాను. నాలుగు రాత్రులు.

ఇక్కడ బజారులో ప్రయాణాలు కుదిర్చే కొట్టు ఉంది. అందులో పిల్ల నా చేతిలో రంగురంగుల పుస్తకం పెట్టింది. విమానం, సముద్రం వైపు గది, పొద్దుటి ఫలహారం, జర్మన్ల సొరంగ ఆస్పత్రి, ఫిరంగుల బురుజు, ఒక సాయంత్రం టీ, అన్నీ కలిపి ఒకే ధర. "ఇంతకుముందు ఎప్పుడైనా వెళ్ళారా?" అని అడిగింది. "అక్కడే పుట్టానమ్మా. పదేళ్ళప్పుడు కోటుకు పేరు చీటీ కుట్టి, బడి పిల్లలందరితో పాటు ఓడెక్కించారు. జర్మన్లు వస్తున్నారని" అన్నాను. "అలాగా. అక్కడ పుట్టినవాళ్ళకు తగ్గింపేమీ లేదండీ" అంది.

నవ్వుకో. నేనూ నవ్వాను, వీధిలోకి వచ్చాక.

మే తొమ్మిదికి ద్వీపానికి జర్మన్ల నుంచి విడుదల వచ్చి యాభై ఏళ్ళు. ఆ రోజు చర్చి గంటలు మోగేటప్పుడు నీ పక్కన నిలబడాలని ఉంది. నాన్నకు సమాధి లేదు. మనిద్దరం ఒకచోట నిలబడితే అదే సమాధి అనుకుంటాను. యుద్ధం అయ్యాక పదిహేనేళ్ళ పిల్లగా ఎనిమిది నెలలున్నానే, ఆ తర్వాత ఇక రాలేదు. ఇప్పుడు రాకపోతే నా మోకాళ్ళు ఇంకోసారి రానివ్వవు.

పుస్తకంలో తొమ్మిది హోటళ్ళున్నాయి. కోబో తీరంలో సీ హాలీ బాగుందనిపించింది. మన పాత ఇంటికి నడిచే దూరం కదా. నువ్వేమంటావు?

నీ చెల్లెలు,
మ్యూరియల్

*

కోబో, గెర్న్సీ,
2 ఫిబ్రవరి 1995

మ్యూరియల్‌కు,

నేనేమంటానని అడిగావు. అడిగాక వినాలి.

నీ రంగుల పుస్తకంలో తొమ్మిది హోటళ్ళలోనూ సముద్రం కనబడుతుందని రాసి ఉంటుంది. యుద్ధంలోనూ కనబడేది, ముళ్ళకంచె అవతల. ఒకదాంట్లో ఆఫీసర్లు మన వైన్ తాగారు. ఇంకోదాంట్లో సైనికుల పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఇప్పుడు పెళ్ళి విందులు జరిగే మూడోదాని వెనక, సొరంగం తవ్వడానికి తెచ్చిన మనుషులు కాళ్ళకు సిమెంటు సంచులు చుట్టుకుని నిలబడేవాళ్ళు. వంటగది కిటికీలోంచి ఏమైనా పడుతుందేమోనని. అక్కడ పనిచేసే అమ్మ ఒకసారి ఉడికిన బంగాళాదుంప తొక్కలు పడేసింది. వాళ్ళు కొట్టుకున్నారు. ఇవాళ టికెట్టు కొని ఆ సొరంగం చూసి, బయటకొచ్చి కేకు తింటారు. నాకు తెలిసినంతలో, ఎవరికీ గొంతులో పట్టుకోలేదు.

నేను పుస్తకాలు చదువుతాను. ఈ ద్వీపం గురించి వచ్చినవన్నీ చదివాను. అన్నిట్లో మనం ధైర్యవంతులం.

సీ హాలీకి మాత్రం వెళ్ళకు. దాని పై అంతస్తులోనే వాళ్ళు ఉత్తరాలు చదివే ఆఫీసు పెట్టారు. నువ్వు ఇంగ్లండు నుంచి పంపిన ప్రతి రెడ్ క్రాస్ సందేశమూ ఆ బల్లల మీదుగానే వచ్చింది. అంతకంటే ముఖ్యం, అది క్లిఫర్డ్ ఓగియర్‌ది. నాన్నను పట్టించినవాడిది. వాడికి ఎనభై ఒకటి. ఇంకా రొట్టె అరుగుతోంది.

నా ఇంట్లో గోడలు చెమ్మ. మంచం ఒకటే. అది కూడా మంచమని నేననుకుంటున్నాను.

హెడ్లీ టొరోడ్

*

స్టాక్‌పోర్ట్,
14 ఫిబ్రవరి 1995

అన్నయ్యా,

రావద్దని ఒక్క మాటలో రాయొచ్చు. ఇంటిపేరుతో సహా సంతకం పెట్టావు, కరెంటు ఆఫీసుకు రాసినట్టు.

సీ హాలీకి బయానా కట్టేశాను. తక్కిన ఎనిమిదీ నిండిపోయాయట. ఓగియర్ గురించి నువ్వన్నది నాకు కొత్త. చిన్నప్పుడు మన టమాటాల గాజుషెడ్లకు కంచె దాటి వచ్చేవాడు, జేబులో ఎప్పుడూ ఎండుద్రాక్షల గాష్ రొట్టె ముక్క ఉండేది, నాకు పెట్టేవాడు. ఆయనేం చేశాడో నాకెవరు చెప్పారని? యుద్ధం అయ్యాక ఇంటికొస్తే అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. నువ్వు పొద్దున్నే వెళ్ళిపోయేవాడివి. నాన్న రేడియో దాచాడు, పట్టుకెళ్ళారు, జర్మనీలో జైల్లో పోయాడు. ఇంతే చెప్పారు. నేను ఇంగ్లీషు యాసలో మాట్లాడుతున్నానని నువ్వు వెక్కిరించావు. అందుకే నన్ను పెంచిన హాల్‌వర్త్ అమ్మ దగ్గరికే తిరిగి వెళ్ళిపోయాను.

ఇంకొకటి. ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతాను. రెడ్ క్రాస్ కాగితం మీద మనకు ఇరవై ఐదు మాటలే ఇచ్చేవాళ్ళు. వెనక వైపు జవాబు రాస్తే అదే కాగితం తిరిగొచ్చేది. నాన్న ప్రతిసారీ ఇరవై ఐదూ నింపేవాడు. ఆయన జవాబులు ఆగిపోయిన ఏడాదికి నీ దగ్గర్నుంచి ఒకటి వచ్చింది: "నాన్న ఊళ్ళో లేడు. మేము క్షేమం. హెడ్లీ." ఆరు మాటలు. మిగిలిన పంతొమ్మిదీ ఏం చేసుకున్నావు? నాకు నా మీద నాన్నకు కోపం వచ్చిందేమోనని ఉండేది. ఏం తప్పు రాశానా అని రాత్రుళ్ళు లెక్క పెట్టుకునేదాన్ని.

మ్యూరియల్

*

కోబో,
1 మార్చి 1995

మ్యూరియల్,

పంతొమ్మిది మాటలూ నా నోట్లో ఉన్నాయి. రాస్తే చదివేవాడు సీ హాలీ పై అంతస్తులో కూర్చుని ఉన్నాడు. అప్పటికి నాన్న బతికున్నాడో లేదో మాకే తెలియదు. తెలియనిది రాయడానికి ఎన్ని మాటలు కావాలి?

నీకెవరూ చెప్పలేదన్నావు. ఇప్పుడు చెబుతాను, బయానా కట్టినదానివి కాబట్టి.

1942లో రేడియోలన్నీ అప్పగించమన్నారు. నాన్న ఒకటి అప్పగించి ఒకటి ఉంచాడు. గాజుషెడ్ల చివర బాయిలర్ గదిలో, బొగ్గు తొట్టి వెనక. రాత్రి తొమ్మిది గంటల లండన్ వార్తలు ముగ్గురం వినేవాళ్ళం. నాన్న, నేను, క్లిఫర్డ్ ఓగియర్. బయటివాడు వాడొక్కడే. 1943 సెప్టెంబరులో ఒక రాత్రి వాడు రాలేదు. ఆ రాత్రే వాళ్ళు వచ్చారు. ఇల్లు వెతకలేదు. మంచాలు ఎత్తలేదు. నేరుగా బాయిలర్ గదికి నడిచి, తొట్టి లాగారు. ఎవరో చెప్పకపోతే ఎలా నడుస్తారు? అదే రోజు మధ్యాహ్నం వాడు సీ హాలీ మెట్లు దిగుతుంటే నేను కళ్ళారా చూశాను. పైకప్పు కారుతోందని చెప్పడానికి వెళ్ళానని అన్నాడు. వాడి హోటల్లో జర్మన్లు తడుస్తున్నారని వాడికి బెంగ.

నాన్నను తీసుకెళ్ళారు. వాడిని పిలిచి అడిగినవాడు లేడు.

యాభై ఏళ్ళు నేను ఈ మాట దుకాణాల్లో అన్నాను, చర్చి గుమ్మంలో అన్నాను. "పోనీలే హెడ్లీ, పాత సంగతి" అన్నారు. పాతది ఎవరికి? మొన్న ఉత్సవాల కమిటీవాళ్ళు ఏం నిర్ణయించారో తెలుసా? మే తొమ్మిదిన మన పేటలో తొలి పూలచక్రం పెట్టి, పోయినవాళ్ళ పేర్లు చదివే గౌరవం, పేటలో అందరికన్నా పెద్దవాడని, ఓగియర్‌కు. నాన్న పేరు చదివేది వాడు.

పత్రికకు రాశాను. వేశారు. వేయరనుకున్నాను. కత్తిరించి ఇందులో పెట్టాను. వాడి పేరు, హోటలు పేరు రెండూ ఉన్నాయి. ఇప్పుడు వెళ్ళి సముద్రం వైపు గదిలో పడుకో.

హెడ్లీ

*

స్టాక్‌పోర్ట్,
20 మార్చి 1995

అన్నయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ కత్తిరింపు అందిన రోజే గది వద్దని చెబుదామని సీ హాలీకి ఫోన్ చేశాను. ఓగియర్ కూతురు ఇవోన్ ఎత్తింది. పేరు చెప్పాను.

"గది ఉందండీ" అంది. "ఏ గది కావాలంటే ఆ గది. అందరూ వద్దనుకున్నారు. గేటు మీద ఎవరో ఎర్ర రంగు పోశారు. మా నాన్న తినడం మానేశారు. చెంచా నోటి దాకా తీసుకెళితే నవ్వుతారు, 'హెడ్లీ రాసింది చదివావా, బాగా రాశాడు' అంటారు."

నేను క్షమాపణ చెప్పాను. నీ తరఫున.

"మీ క్షమాపణ నాకొద్దు" అంది. "మా నాన్న చెప్పొద్దన్నది ఒకటుంది. నేను మంచిదాన్ని కాను. పోస్టులో పంపిస్తున్నా. చదివాక మీ అన్నయ్యకు చూపించండి."

నిన్న వచ్చింది. ఒక రెడ్ క్రాస్ సందేశం, ఫోటోకాపీ. 1945లో జర్మన్లు పోయాక హోటలు తిరిగి చేతికొచ్చినప్పుడు, పై అంతస్తు బల్ల సొరుగులో ఓగియర్‌కు దొరికిందట. కాగితం స్టాక్‌పోర్ట్ నుంచి వెళ్ళింది. తేదీ 1943 మే మూడు. అందులో ఉన్నది యథాతథంగా రాస్తున్నాను:

"ప్రియమైన నాన్నా, పోయిన ఆదివారం మా బడి పిల్లలం రేడియోలో పాడాం. నేను ముందు వరసలో ఉన్నాను. ఎప్పటిలాగే బాయిలర్ గదిలో కూర్చుని విన్నావా? నా గొంతు గుర్తుపట్టావా? త్వరగా చెప్పు. నీ మ్యూరియల్."

బాయిలర్ గది అన్నచోట కింద మందంగా గీత గీసి ఉంది. అసలు దాంట్లో అది ఎర్ర పెన్సిలట.

యుద్ధానికి ముందు ఆయన పాటల కోసం అక్కడే కూర్చునేవాడు కదా, వెచ్చగా ఉంటుందని. ఆయన ఒళ్ళో నేను. రేడియో ఉంచుకోవడం అక్కడ నేరమని మాకు ఇక్కడెవరూ చెప్పలేదు. నాకు పదమూడేళ్ళు.

ఓగియర్ కాదు. నేను. నువ్వు పత్రికకు రాయాలి. నా పేరు పెట్టి రాయి.

మ్యూరియల్

*

కోబో,
27 మార్చి 1995

మ్యూరియల్,

ఫోటోకాపీ యంత్రం ఏ కాగితాన్నైనా పుట్టిస్తుంది. ఆ సందేశాలన్నీ టైపు కొట్టినవే, చేతిరాత ఉండదు. ఇది ఓగియర్ తయారుచేయించింది. వాడికి ఎంత తెలివి ఉందో నాకు తెలుసు. నువ్వు ఏడుస్తావనీ, నేను ఆగుతాననీ వాడి ఎత్తు.

నేను ఆగను. కమిటీకి రెండో ఉత్తరం రాశాను. వాడు పూలచక్రం పడితే నేను అందరి ముందూ లేచి మాట్లాడతానన్నాను.

నువ్వు అబద్ధం నెత్తిన వేసుకుని తిరగకు. టీ తాగు. పడుకో.

హెడ్లీ

*

స్టాక్‌పోర్ట్,
3 ఏప్రిల్ 1995

అన్నయ్యా,

ముందు వరసలో నిలబడ్డానని ఓగియర్‌కు ఎలా తెలుస్తుంది? హాల్‌వర్త్ అమ్మతో కలిసి ఆ కార్యాలయానికి వెళ్ళాను. మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టాను. రెండు మిగిలాయి. టైపు కొట్టే ఆవిడ "ఇంకేమైనా చేర్చుకుంటావా తల్లీ?" అంది. "త్వరగా చెప్పు" అని చేర్చాను. ఈ సంగతి ఇప్పటిదాకా ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు. కాగితం నిజమే.

నువ్వు నమ్మనిది కాగితాన్ని కాదు. ఓగియర్ లేకపోతే నీకు యాభై ఏళ్ళలో ఏం మిగలదని నీ భయం. నాకు చేతనైనంత మర్యాదగానే రాస్తున్నాను.

ఇవోన్ మళ్ళీ ఫోన్ చేసింది. ఆయన్ను మంచినీళ్ళు తాగించడానికి నర్సు వస్తోందట. నువ్వు రాసినట్టు ద్రోహిగానే ఆయన పోతే, ఇక దాన్ని ఎవరూ తుడవలేరు. ఏప్రిల్ ఇరవై దాకా చూస్తాను. అప్పటికి నువ్వు పత్రికకు రాయకపోతే నేనే రాస్తాను, ఫలానా హెన్రీ టొరోడ్ కూతురిని, ఆయన్ను చంపింది నేను అని. మొదటి పేజీలో వేస్తారు.

మ్యూరియల్

*

కోబో,
18 ఏప్రిల్ 1995

చెల్లీ,

నువ్వు పెట్టిన గడువుకు రెండు రోజుల ముందే రాస్తున్నాను. నువ్వు పత్రికకు ఏమీ రాయవద్దు. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

పదో తారీఖున సీ హాలీకి వెళ్ళాను. యాభై ఏళ్ళలో మొదటిసారి ఆ మెట్లెక్కాను. గేటు కడిగారు గానీ ఎరుపు ఇంకా మిగిలే ఉంది. వాడు అద్దాల వరండాలో దుప్పటి కప్పుకుని ఉన్నాడు. చొక్కా కాలరులో మెడ ఉన్నట్టే లేదు.

"ఎవరూ?" అన్నాడు.

"హెడ్లీని."

"ఏ హెడ్లీ?"

"నీ గురించి పత్రికలో రాసినవాడిని."

"ఓ, ఆ హెడ్లీయా. కూర్చో. టీ తాగి అద్దాలు పగలగొడతావా, ముందే పగలగొట్టి తాగుతావా?"

నేను కూర్చున్నాను. కాగితం చూశానని చెప్పాను. వాడు కూతురిని పిలిచి, నేనిక్కడ రాయలేని మాట ఒకటి అన్నాడు. ఆ పిల్ల ఏడుస్తూ లోపలికి వెళ్ళింది. అరవై ఏళ్ళ పిల్ల.

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పొచ్చుగా, క్లిఫర్డ్" అన్నాను.

"ఏమని చెప్పమంటావు? ఆ రాత్రి జర్మన్ల టెలిఫోను తీగలకు కాపలా నా వంతు పడింది, అందుకే రాలేదు. తెల్లారి తెలిసింది. మీ నాన్నను మూడు రోజులు కొట్టారు, పక్కన కూర్చుని ఇంకెవరు వినేవారని. నేను ఇంట్లో బూట్లు వేసుకుని సిద్ధంగా కూర్చున్నా, ఇదిగో వస్తారు, అదిగో వస్తారని. రాలేదు. రాలేదంటే ఆయన నోరు విప్పలేదనేగా. అలాంటి మనిషి బిడ్డ పేరు నా నోటితో ఎలా చెప్పనురా? నువ్వు తిడితే తిట్టావు. నీ తిట్లకు నాకేం జబ్బు చేసింది?"

జబ్బు చేసిందని ఇద్దరికీ కనబడుతూనే ఉంది.

ఓగియర్ లేకపోతే నాకేం మిగలదని రాశావు. సగం సరిగ్గా చెప్పావు. మిగతా సగం నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. ఆ సెప్టెంబరులో నేను సైనికుల భోజనశాలలో గిన్నెలు కడిగేవాడిని. ఇరవై ఏళ్ళవాడిని. జర్మన్ వంటవాడొకడు రోజూ నా చెవి మెలిపెట్టి, మీ సైన్యం ఎక్కడుందని వెక్కిరించేవాడు. ఒక పొద్దున ఆగలేక, "మీ ఇటలీవాళ్ళు రాత్రి చేతులెత్తేశారట కదా" అన్నాను. వాళ్ళకే ఇంకా చెప్పలేదు. వాడు నా చెవి వదిలేశాడు. "నీకెవరు చెప్పారు?" అన్నాడు, చాలా మెల్లగా. నేను గిన్నె కడుగుతూనే ఉన్నాను. ఆరో రోజున వాళ్ళు వచ్చారు.

అప్పటినుంచి నాకు ఓగియర్ అవసరమయ్యాడు. వాడు సీ హాలీ మెట్లు దిగడం చూసినప్పుడు నాకెంత హాయి కలిగిందో నీకు చెప్పలేను.

ఇక నీ కాగితం, నా నోరు. ఏది ముందు వాళ్ళకు చేరిందో చెప్పగలవాళ్ళు ఎవరూ బతికి లేరు. నీ కాగితం లేకపోయినా ఇల్లంతా వెతికి పట్టుకునేవాళ్ళేమో. నేను వాగకపోతే నీ కాగితాన్ని చిన్నపిల్ల రాతని పక్కన పడేసేవాళ్ళేమో. ఈ రెండు "ఏమో"లలో నువ్వొకటి తీసుకో, నేనొకటి తీసుకుంటాను. తేలికైనది నీకే వదిలాను.

శనివారం పత్రికలో నా ఉత్తరం వచ్చింది. ఓగియర్‌కు ఏ పాపమూ తెలియదని రాశాను. భోజనశాలలో వాగింది నేనని రాశాను. రేడియో బాయిలర్ గదిలో ఉందని కూడా నేనే చెప్పానని రాశాను. అదొక్కటే అబద్ధం. నీ అసలు కాగితాన్ని ఓగియర్ నా ఎదురుగానే పొయ్యిలో వేశాడు. నీ దగ్గరున్న ఫోటోకాపీ ఏం చేస్తావో నీ ఇష్టం.

మూడు రోజులైంది. ఓగియర్ గంజి తాగుతున్నాడట. కమిటీవాళ్ళు వచ్చి, మే తొమ్మిదిన నేను ఇంట్లో ఉంటే అందరికీ బాగుంటుందన్నారు. రొట్టెల దుకాణంలో నా వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. నా ఇంటి కిటికీకి కూడా రంగు పోశారు. అదే ఎరుపు. డబ్బా మిగిలినట్టుంది.

నువ్వు రా. సీ హాలీలోనే దిగు, నిన్ను బాగా చూసుకుంటారు. గంటలు మోగేటప్పుడు ఓగియర్ పక్కన నిలబడు. నా పక్కన నిలబడితే నీకూ రొట్టె దొరకదు.

ఇప్పుడు నువ్వు పత్రికకు నిజం రాశావనుకో. అన్నను కాపాడుకోవడానికి పాపం ముసలావిడ అబద్ధమాడుతోందంటారు. నేను రాసినదానికి ఎవరైనా ఎదురు రాస్తారని, హెడ్లీ అలాంటివాడు కాదని ఒక్కడైనా అంటాడని మూడు రోజులు పత్రిక తిరగేశాను. ఒక్కడూ రాయలేదు. ఓగియర్ సంగతి యాభై ఏళ్ళు చెప్పినా తల తిప్పుకున్నవాళ్ళు, పత్రికలో వచ్చాక కూడా పూలచక్రం వాడికే ఉంచినవాళ్ళు, ఇది చదివి ఒక పూటలో నమ్మేశారు. డెబ్బై రెండేళ్ళలో ఈ ద్వీపం నా మాట నమ్మడం ఇదే మొదటిసారి.

నీ అన్నయ్య,
హెడ్లీ